శనివారం ఎదురుమాటలు

నాకు ఫుట్‌బాల్ అంటే ఇష్టమని మా కోడలు అందరికీ చెబుతుంది. అది నిజం కాదు. ఆట నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. ఇక్కడి బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా ఉంటుంది. కాలితో తంతారు, చేత్తో పట్టుకుంటారు, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతారు. నడిమి రెండు కర్రల మధ్య నుంచి పోతే ఆరు పాయింట్లు, పక్కనుంచి పోయినా ఒక పాయింటు ఇస్తారు. గురి తప్పినవాడికి కూడా పాయింటు ఇచ్చే ఆట నేను మరెక్కడా చూడలేదు. నాకు ఇష్టమైంది ఆట కాదు. ఆట చూడటానికి శనివారం మా ఇంటికి వచ్చే ఇద్దరు మనుషులు, వాళ్లు పెట్టుకునే వాదన.

మేముండేది సిడ్నీలో, కెల్లీవిల్‌లో. ఇల్లు పెద్దది. మా ఆయన పోయాక కొడుకు నన్ను తెచ్చుకున్నాడు. పొద్దున కొడుకు, కోడలు ఆఫీసులకు, మనవరాలు స్కూలుకు పోతే ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పక్కింటి వాళ్లను చెత్తడబ్బా బయట పెట్టే రోజే చూస్తాను. చెయ్యి ఊపుతారు, నేనూ ఊపుతాను. హెలెన్స్‌బర్గ్ గుడికి పోవాలంటే కారుండాలి, కారు నడిపేవాళ్లకు తీరికుండాలి. నేను జగిత్యాల దగ్గర నలభై ఏళ్లు బీడీలు చుట్టినదాన్ని. చాట ఒళ్లో పెట్టుకుని, చుట్టూ ఆడవాళ్లు కూర్చుని, ఆకు కత్తిరిస్తూ పొద్దంతా ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్లం. ఆ పని వల్ల నడుము పోయింది, దగ్గు వచ్చింది. పని మీద నాకేం ప్రేమ లేదు. మాటలు మాత్రం అక్కడే మిగిలిపోయాయి.

అక్షరాలు నాకు యాభై దాటాక, రాత్రి బడిలో వచ్చాయి. తెలుగు చదువుతాను, పెదవులు కదిలిస్తూ. ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు. ఆటగాళ్ల వీపు మీద అంకెలుంటాయి కాబట్టి వాళ్లు నాకు అంకెలుగానే తెలుసు.

ఇక ఆ ఇద్దరు. ఒకాయన వెస్ట్‌మీడ్ వైపు ఆసుపత్రిలో డాక్టరు. గుంటూరు ఆయన, వచ్చి ముప్పై ఏళ్లు దాటింది, మా వెనక వీధిలోనే ఇల్లు. రెండో అతను వరంగల్ పిల్లవాడు. పిల్లవాడంటే నలభైకి దగ్గర పడ్డాడు. చదువుకోవడానికి వచ్చి, దొరికిన పనల్లా చేసి, ఇప్పుడు బస్సు నడుపుతున్నాడు. మా కొడుకుతో క్రికెట్ ఆడేవాడు, అట్లా ఇంటికి అలవాటయ్యాడు. సిడ్నీకి రెండు జట్లు. డాక్టరుది పాత జట్టు, బస్సు నడిపే అతనిది మా పడమటి వైపు పుట్టిన కొత్త జట్టు. మా కొడుకుది ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల జట్టు.

ఈ రెండు జట్లూ ఎదురుపడ్డ రోజు మా ఇంట్లో టీవీ మాటలు వినపడేవి కావు. డాక్టరు కుర్చీ అంచుకు జరిగి కూర్చునేవాడు. వరంగల్ అతను కూర్చునేవాడే కాదు. వాదించేవాళ్లంటే నాకు ఇష్టం. వాదించాలంటే ఎదుటి మనిషి మొహం చూడాలి. ఆట లేని రోజు ఈ ముగ్గురూ కలిసినా ఫోన్లలోకి చూస్తారు. వాదన మొదలైతే ఫోన్లు బోర్లా పడతాయి, ఇంగ్లీషు తగ్గి తెలుగు వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద వాదన ఒక డ్రాఫ్ట్ గురించి వచ్చింది. ఏటా ఆటలు అయిపోయాక దేశంలో పద్దెనిమిదేళ్ల పిల్లల్లో మంచి ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. అందరికన్నా కింద నిలిచిన జట్టుకు మొదటి వంతు. ఏ ఊరి జట్టు పిలిస్తే పిల్లవాడు ఆ ఊరికి పోవాల్సిందే. నీకు ఇష్టమేనా అని అడగరు. ఆ ఏడు మా పక్క పేటలో పెరిగిన పిల్లవాడొకడు ఉన్నాడు. కొత్త జట్టు వాణ్ణే తీసుకుంటుందని అందరూ అనుకున్నారు. వాళ్లు వాణ్ణి వదిలేసి, దేశం ఆ చివర పెర్త్ దగ్గర గొర్రెలు మేపే ఊరి నుంచి ఒక పొడుగు పిల్లవాణ్ణి తీసుకున్నారు. వాడి అంకె ముప్పై ఒకటి. వదిలేసిన మా పక్క పేట పిల్లవాణ్ణి పాత జట్టు ఎగరేసుకుపోయింది.

డాక్టరు ఆ వేసవంతా నవ్వాడు. ఇంటి పిల్లవాణ్ణి వదులుకుని ఎడారి అవతలి నుంచి తెచ్చుకున్నారని, రెండేళ్లలో వాడు అమ్మానాన్న కావాలని వెళ్లిపోతాడని, అట్లా పోయిన వాళ్లు ఇంతకు ముందు చాలామంది ఉన్నారని చెప్పేవాడు. వరంగల్ అతనేమో, మా జట్టుకు వెనక నిలబడి కాచేవాడు కావాలి, ఎగిరి బంతి పట్టేవాడు కావాలి, మీ పిల్లవాడు జుట్టు దువ్వుకోవడానికి తప్ప పనికిరాడు అనేవాడు. మా కొడుకు డాక్టరు వైపు చేరాడు. ఇద్దరి మీద ఒక్కడయ్యాడని నేను వరంగల్ అతని వైపు చేరాను. అంతకు మించి కారణం ఏమీ లేదు.

"గాడు పోడు," అన్నాను డాక్టరుతో. "గీడ పైసలున్నయ్, ఫోటువలు దిగుతున్నరు. ఎందుకు పోతడు?"

"మీకు తెలియదు ఆంటీ. ఆ వయసులో ఇల్లు గుర్తొస్తే ఇవేవీ ఆపలేవు."

"నీకు గుర్తుకు రాలేదా మరి?"

"నాకు పనుందండీ ఇక్కడ."

"గానికి గూడ పనే గద. బంతి తన్నుడు."

వరంగల్ అతను నవ్వి నవ్వి నీళ్లు తాగాడు. "పెద్దమ్మా, నిన్ను మా జట్టుకు కోచ్‌గ పెట్టాలె," అన్నాడు. డాక్టరుకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది, మూతి బిగించాడు. మళ్లీ శనివారం వచ్చి, కూర్చోకముందే నాతో మొదలుపెట్టాడు. ఆంటీ, మీ వాడు ఈ వారం బెంచీ మీద కూర్చున్నాడటగా అని. ఇక్కడ ఆటలు చలికాలంలో ఆడతారు. ఇట్లా ఒక చలికాలం పూర్తిగా, రెండోది సగం గడిచాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా డాక్టరుకు ఏం చెప్పాలో ఆలోచించుకునేదాన్ని. బట్టలు మడతపెడుతూ పైకే అనుకుని చూసుకునేదాన్ని కూడా.

రెండో చలికాలంలో రెండు జట్లూ ఎదురుపడ్డాయి. చివరి నిమిషాల దాకా ఎవరు గెలుస్తారో తెలియలేదు. అప్పుడు పైనుంచి బంతి వచ్చింది, కింద ముప్పై ఒకటి నిలబడి ఉన్నాడు. చేతుల్లో పడిన బంతి జారిపోయింది. పక్కనే ఉన్న పాత జట్టు వాడు అందుకుని కర్రల మధ్యకు తన్నాడు. కొత్త జట్టు ఓడింది.

డాక్టరు చప్పట్లు కొట్టి, వాడి మనసు ఇక్కడ లేదని, సూట్‌కేసు సర్దుకుని ఆడుతున్నాడని అన్నాడు. "ఒక్క బంతి వదిలితే మనసు లేదంటరా అన్నా?" అని వరంగల్ అతను. ఎంచుకునేటప్పుడే చూసుకోవాలయ్యా, వచ్చినవాళ్లంతా నిలబడతారా అని డాక్టరు.

"ఎందుకు నిలబడరన్నా? మీరు నిలబడలేదా, నేను నిలబడలేదా?"

"నన్ను ఈ దేశం వాళ్లే ఎంచుకుని పిలిచారు," అన్నాడు డాక్టరు. "నువ్వు ఫీజు కట్టుకుని వచ్చావు. రెండూ ఒకటెట్లా అవుతాయి?"

రెండేళ్లుగా మాట్లాడుతున్న గొంతుతోనే అన్నాడు. అన్నాక ఎవరూ నవ్వకపోయేసరికి టీవీ వైపు చూశాడు. మా కొడుకు రిమోట్ తీసుకుని సౌండు పెంచాడు. వరంగల్ అతను పళ్లెంలో మిగిలిన ముద్ద తిన్నాడు. "మంచిది సార్," అన్నాడు. అంతకు ముందెప్పుడూ డాక్టరును సార్ అనలేదు. పళ్లెం కడిగి పెట్టి, పోయొస్త పెద్దమ్మా అని నాతో మాత్రమే చెప్పి పోయాడు.

"గా మాట ఎందుకన్నవ్ డాక్టర్?" అని అడిగాను.

"ఆటలో అనుకున్న మాటండీ, ఊరికే."

"గది ఆట ముచ్చట గాదు."

డాక్టరు లేచాడు. చెప్పులు వేసుకుని పోయాడు.

మరుసటి శనివారం వరంగల్ అతను రాలేదు. డాక్టరు వచ్చాడు, సగం ఆట చూసి లేచాడు. తిట్టడానికి మనిషి లేకపోతే గెలిచినా ఏముంది. ఆ తర్వాత ఆయనా మానేశాడు. వరంగల్ అతనికి ఫోన్ చెయ్యమని మా కొడుకును పట్టుకున్నాను. మెసేజ్ పెట్టాడు. బొటనవేలు బొమ్మ వచ్చింది. "అమ్మా, వాళ్లేం చిన్నపిల్లలు గాదు. నువ్వు నడుమల పోకు," అన్నాడు కొడుకు. ఇంకా అడిగితే విసుక్కున్నాడు. తర్వాత నుంచి మా కొడుకు తన గదిలో ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని స్కోరు చూసుకుంటున్నాడు.

నేను ఒక్కదాన్నే టీవీ పెట్టుకునేదాన్ని. ముప్పై ఒకటి బాగా ఆడుతున్నాడు. ఎగిరి బంతి పట్టాడంటే చూడముచ్చటగా ఉండేది. చూశావా అని అనడానికి పక్కన ఎవరూ లేరు. మనవరాలు వంటింట్లోకి పోతూ హూ ఈజ్ విన్నింగ్ అని అడిగేది. మా జట్టు అని చెప్పేలోపు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకునేది. దాని తప్పు లేదు. దానికి కావలసింది అంత జవాబే.

ఆటలు ముగిశాయి. ఒక సాయంత్రం అన్నం తింటూ మా కొడుకు చెప్పాడు, ముప్పై ఒకటి ఇంటికి పంపించమని అడిగాడట, పెర్త్ జట్టులోకి పోతున్నాడట. నాకు మొదట వచ్చిన ఆలోచన ఆ పిల్లవాడి గురించి కాదు. డాక్టరు చెప్పిందే నిజమైంది, ఇక వరంగల్ అతను అసలు రాడు అనుకున్నాను.

అతని బస్సు మా వీధి చివర నుంచి బ్లాక్‌టౌన్ స్టేషన్‌కు పోతుందని ఒకసారి చెప్పాడు. పొద్దున ఇంటి పని అయ్యాక పోయి స్టాపులో కూర్చున్నాను. వేరే డ్రైవర్లు వచ్చారు, ఎక్కకపోతే వింతగా చూసి పోయారు. కొన్ని రోజులు అట్లా తిరిగాక అతను వచ్చాడు.

"పెద్దమ్మా, ఎటు పోతున్నవ్ ఒక్కదానివే?"

"నీ బస్సు యాడిదాక పోతే ఆడిదాక."

ముందు సీట్లో కూర్చున్నాను. నడిపేటప్పుడు మాట్లాడకూడదట. స్టేషన్ దగ్గర అందరూ దిగిపోయాక ఇంజను ఆపి నా వైపు తిరిగాడు. ముప్పై ఒకటి పోతున్నడంట గద అన్నాను. అవ్ పెద్దమ్మా, పాపం ఇల్లు యాదికొచ్చినట్టుంది అన్నాడు. డ్రాఫ్ట్ నాడు ఇంటికి రమ్మన్నాను. డాక్టరు కూడా వస్తాడని చెప్పాను. అప్పటికి డాక్టరును ఇంకా పిలవలేదు.

"వస్తే నన్ను జూసి నవ్వుతడు పెద్దమ్మా."

"నవ్వనియ్యి. నవ్వుటానికన్నా వస్తడు గద."

అతను నవ్వాడు. తర్వాత స్టీరింగు మీద చెయ్యి పెట్టాడు. "ఆట మీద నవ్వితే నాకేం లేదు. నడుమల ఇంకో మాట వడ్డది. మీ ఇంట్ల కూసుంటే గదే వినవడ్తది." ఇప్పుడు బ్లాక్‌టౌన్‌లో దోస్తుల ఇంట్లో నలుగురు కలిసి చూస్తున్నారట. అందరూ కొత్త జట్టు వాళ్లే.

"అందరు ఒక్క జట్టోళ్లే అయితే ఏం మాట్లాడుకుంటరు?"

"ఏం లేదు. తింటం, చూస్తం. మంచిగుంటది."

సంతోషంగానే చెప్పాడు. నన్నూ తీసుకుపొమ్మని అడుగుదామనుకున్నాను. మగపిల్లలు ఉండే ఇల్లు, నేను పోయి ఏ మూల కూర్చోను. అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు మా స్టాపు దగ్గర నాకు మెట్టు అందేలా బస్సును ఒక పక్కకు కిందికి వంచి, నేను దిగి పక్కకు జరిగేదాకా ఆగాడు.

డ్రాఫ్ట్ రోజున డాక్టరును మా కొడుకుతో గట్టిగా పిలిపించాను. మామిడిపండ్ల పెట్టె పట్టుకుని వచ్చాడు. ఇంకా ఎండ ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ అక్కడున్న జోళ్లన్నీ చూశాడు.

"వాడు రాలేదా ఆంటీ?"

"రాలే."

"డ్యూటీ ఉందేమో."

"డ్యూటీ గాదు."

"నేనూ ఫోన్ చేశానండీ," అన్నాడు. "ఎత్తలేదు."

లోపలికి వచ్చి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. ముప్పై ఒకటిని పెర్త్ జట్టుకు ఇచ్చినందుకు కొత్త జట్టుకు ఒక వంతు అదనంగా వచ్చింది. ఈసారి కూడా దూరపు పిల్లవాణ్ణే పిలిచారు, సముద్రం అవతల టాస్మేనియా వాణ్ణి. డాక్టరు ఇప్పుడు మొదలుపెడతాడని చూశాను. మళ్లీ అదే తప్పు చేశారు అంటాడనుకున్నాను. ఆయన మామిడిపండు ముక్క తింటున్నాడు. మా కొడుకు ఫోన్ చూస్తున్నాడు. ఎవరో ఒకరు అనాలి కాబట్టి నేనే అన్నాను.

"మంచోన్ని వట్టుకున్నరు. గీడు మాత్రం పోడు, జూడు డాక్టర్."

డాక్టరు నా వైపు చూశాడు. మీకు తెలియదు ఆంటీ అనాలి. ఆ మాట కోసం ముందుకు వంగి కూర్చున్నాను.

"అవునండీ," అన్నాడు మెల్లగా. "మీరన్నట్టే ఉండిపోతాడేమో."

"పోతడేమో గూడ," అన్నాను.

"పోవచ్చండీ. అదీ నిజమే."

పెద్దదాన్నని మర్యాద చేశాడు. నేను ఇంకేం అనగలను. టీవీలో ఒక్కొక్కరి పేరూ పిలుస్తున్నారు. పిలిచిన ప్రతి పిల్లవాడూ లేచి, తల్లిని పట్టుకుని, కొత్త జట్టు టోపీయో పాత జట్టు టోపీయో ఇంకో ఊరి టోపీయో పెట్టుకుని పోతున్నాడు. మేము ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. ఏ పిల్లవాడి గురించీ ఎవరూ ఏమీ అనలేదు.