లోపలి లాండ్రీ

మా పెద్దనాన్న ఎదురుగా వచ్చిన మనిషి ముఖం చూడడు, కాలరు చూస్తాడు. కాలరు మడతలో జిడ్డు ఎంత ఉందో తేలాకే ఆ మనిషిని పలకరించాలో వద్దో ఆలోచిస్తాడు. ముప్పై ఏళ్ళుగా లాండ్రీ నడుపుతున్న ఆయన లెక్కలో ప్రపంచమంతా మురికే. కొంత ఉతికింది, మిగతాది ఉతకాల్సింది. నా చదువు మధ్యలో ఆగిపోయాక నన్ను ఆయన దగ్గరే పనిలో పెట్టారు. వచ్చిన బట్టలకు నంబరు వేసిన గుడ్డముక్కలు కుట్టడం నా పని. తల వంచుకుని చేసే పని కాబట్టి నేనక్కడ ఉన్నానన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. అందువల్ల అన్నీ వినబడతాయి.

కొట్టు ముందు భాగంలో కౌంటరు, దాని వెనక ఇస్త్రీ బల్ల, ఇంకా వెనక్కి వెళితే సిమెంటు తొట్టి. ఇస్త్రీ బల్ల దగ్గర మా పెద్దమ్మ నిలబడుతుంది. ఆవిడకు బీపీ. ఒకసారి వేడి ఇస్త్రీ పెట్టె చేతిలో ఉండగానే కళ్ళు తిరిగి పడిపోయింది. చెయ్యి కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పుడు డాక్టరు రోజుకొక మాత్ర రాసి, ఇది జీవితాంతం వాడాలమ్మా అన్నాడు. ఆ మాట పెద్దమ్మ మామూలుగానే తీసుకుంది. పెద్దనాన్న మాత్రం తనకు జరిగిన అవమానంగా తీసుకున్నాడు.

"జీవితాంతం పోని మరకేంటి? నేను గిరాకీలతో అలా చెప్తే మళ్ళీ నా కొట్టుకొస్తారా?" అన్నాడు దారి పొడుగునా.

ఆయన మనసు అలా నలుగుతున్న రోజుల్లోనే ఆకుల మాస్టారు తన తెల్లచొక్కాలు ఉతుక్కి వెయ్యడానికి వచ్చాడు. ఈయన ఒకప్పుడు బడిలో డ్రిల్లు నేర్పేవాడు. రిటైరయ్యాక ఊరివాళ్ళ పేగులకు డ్రిల్లు మొదలుపెట్టాడు.

"ఊరందరి బట్టలూ మల్లెపువ్వుల్లా చేస్తారు. మరి మీ లోపలి సంగతేంటండీ? పుట్టినప్పట్నుంచీ ఒక్కసారైనా ఉతికారా?" అని అడిగాడు.

పెద్దనాన్న చేతిలోని చొక్కా కింద పెట్టేశాడు. ఇంత ముఖ్యమైన ప్రశ్న తనకే తట్టనందుకు ఆయన సిగ్గుపడటం నేను చూశాను.

మొదట పొడి వచ్చింది. ఏవేవో ఆకులు ఎండబెట్టి కొట్టిన పచ్చపొడి. నీళ్ళలో కలిపితే తడి గోనెసంచి వాసన వేసేది. పరగడుపున తాగాలి. తాగిన కాసేపటికి విషాలు బయలుదేరతాయని మాస్టారు చెప్పాడు. ఆ ఒక్క విషయంలో ఆయన అబద్ధమాడలేదు. మాకున్న మరుగుదొడ్డి ఒకటే. తెల్లవారితే పెద్దనాన్న బయట నిలబడి తలుపు బాదేవాడు.

"ఇంకెంతసేపే? నీ ఒక్కదాని విషాలేనా, అందరివీ పోవాలా వద్దా?"

"మీరు తాగమంటేనేగా తాగింది! ఆగండి," అనేది పెద్దమ్మ లోపల్నుంచి.

తర్వాత మిషన్ వచ్చింది. చిన్న ప్లాస్టిక్ తొట్టి, అందులో రెండు ఇనప కడ్డీలు, ఒక స్విచ్చి. గోరువెచ్చటి నీళ్ళు పోసి, చెంచాడు ఉప్పు కలిపి, కాళ్ళు పెట్టి కూర్చోవాలి. కాసేపటికి నీళ్ళు కాగిన టీ రంగులోకి తిరిగేవి. ఎర్రగా ఉంటే కీళ్ళ విషమని, గోధుమరంగైతే లివరు విషమని, నల్లగా ఉంటే ఊపిరితిత్తులదని మాస్టారు ఫలితాలు ప్రకటించేవాడు. పెద్దనాన్న తన నీళ్ళను తొంగి చూసుకుని పొంగిపోయాడు.

"అబ్బ! ఇంత మురికి లోపల పెట్టుకుని నేను ఊరివాళ్ళ కాలర్లకు వంకలు పెట్టానా!"

ఆ తర్వాత ప్యాంటు ఇస్త్రీకి వచ్చినవాడు ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి తొట్టిలో కాళ్ళు పెట్టకుండా వెళ్ళిన రోజు లేదు. తమ లోపల అంత కుళ్ళు ఉందని తెలిసి అందరూ సంతోషంగానే ఇంటికి వెళ్ళేవాళ్ళు.

పెద్దమ్మ ఒక్కతే సణిగేది. "ఒంట్లో మురికి కడగడానికి లివరూ కిడ్నీలూ ఉన్నాయని డాక్టరు గారు చెప్పారుగా."

"ఉన్నాయి. కాదన్నానా? మరి వాటిని ఎవరు కడుగుతారు? మన వాషింగ్ మిషన్‌ని నెలకోసారి మనం కడగట్లేదూ?"

 ఆ మిషన్‌ని కడిగేది పెద్దమ్మే.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. పెద్దమ్మ కాళ్ళు పెట్టిన నీళ్ళు ఏ రోజు తేటగా వస్తాయో ఆ రోజు మాత్ర ఆపెయ్యాలి. "అలాగేలెండి," అంది పెద్దమ్మ వెంటనే. ఎవరి నీళ్ళూ తేటగా రావడం ఆవిడ అంతవరకు చూడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఇంతలో మాస్టారు పంచిన కాగితంలో ఉప్పు విషమని రాసి ఉంది. ఉప్పు తగ్గించమని డాక్టరూ పెద్దమ్మకు ఎప్పుడో చెప్పాడు. ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది ఈ ఒక్క సంగతిలోనే, దాంతో మా భోజనం నాశనమైంది. పెద్దనాన్నకు అరకొర పనులు అలవాటు లేవు. వంటింట్లో ఉప్పు డబ్బా తీసుకెళ్ళి పారబోశాడు. ఆ చేత్తోనే మిషన్ పక్కనున్న ఉప్పు సీసా కూడా ఖాళీ చేశాడు.

"విషం తియ్యడానికి విషమే పోస్తామా? బుద్ధుండాలి," అన్నాడు, ఎవరి బుద్ధి గురించో చెప్పకుండా.

ఆ సాయంత్రం పెద్దమ్మ వంతు. ఎంతసేపు కూర్చున్నా నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి. తొట్టి అడుగున ఆవిడ కాలివేళ్ళు కనబడుతున్నాయి. పెద్దనాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్క కొట్టువాళ్ళను కేకేసి చూపించాడు. బల్ల మీది అరలోంచి మాత్రల అట్ట తీసి, ఒక్కొక్కటే నొక్కి కాలవలో పడేశాడు.

"పెద్దనాన్నా, ఉప్పు వెయ్యలేదు కదా..." అన్నాను. నా గొంతు ఎప్పుడూ నాకే సరిగా వినబడదు.

"ఉప్పు ఊసెత్తావంటే ఊరుకోను!" అన్నాడు. అదొక్కటే వినబడినట్టుంది.

పెద్దమ్మ నీళ్ళలో కాలివేళ్ళు కదిపి చూసుకుంది. ఆవిడా కొంచెం నమ్మిందనే నా అనుమానం. అంత తేట నీళ్ళు తన కాళ్ళ చుట్టూ చూసుకుంటే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు?

వారం తిరక్కుండానే ఒక రోజు మధ్యాహ్నం కాలిన వాసన వచ్చింది. తల ఎత్తి చూశాను. వకీలు గారి చొక్కా వీపు మీద ఇస్త్రీ పెట్టె అలాగే ఉంది. పెద్దమ్మ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది. పరిగెత్తి ప్లగ్గు పీకి, ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాను.

"తల వెనక సుత్తితో కొట్టినట్టుందే," అంది.

పెద్దనాన్న ముఖం పాలిపోయింది. అయినా కాగితంలో చదివినది మర్చిపోలేదు. "విషాలు పోయేటప్పుడు ముందు ఇలాగే ఉంటుందట..."

పెద్దమ్మ కళ్ళు తెరవకుండానే అడిగింది. "ఏ విషాలండీ? మొన్న తేటగా వచ్చాయని ఊరందర్నీ పిలిచి చూపించారుగా. ఇంకా పోవడానికి లోపలేం మిగిలింది?"

పెద్దనాన్న మాస్టారుకి ఫోన్ చేశాడు. మాస్టారు రెండు వీధుల అవతల నుంచి ఆయాసపడుతూ వచ్చాడు. కుర్చీలో ఉన్న మనిషిని చూడకుండా నేరుగా మిషన్ దగ్గరికి వెళ్ళాడు.

"తేటగా రావడమేంటండీ? అలా రాదే! ఇంతవరకు ఎవరికీ రాలేదే! ఉప్పేశారా?"

"విషమన్నారుగా?"

"తినడానికి విషం. మిషన్‌కి కాదు."

పక్క టీకొట్టులో గుప్పెడు ఉప్పు అడిగి తెచ్చాను. మాస్టారు నీళ్ళలో కలిపి స్విచ్చి వేశాడు. చూస్తుండగానే నీళ్ళు గోధుమరంగుకు తిరిగాయి.

"చూశారా! బ్రహ్మాండంగా పనిచేస్తోంది," అన్నాడు చేతులు దులుపుకుంటూ.

"మాస్టారూ," అంది పెద్దమ్మ కుర్చీలోంచి, "అందులో ఎవరి కాళ్ళూ లేవు. మరి అది ఎవరి లివరండీ?"

మాస్టారు తొట్టిలోకి చూశాడు. కప్పువైపు చూశాడు. "గాలిలో కూడా ఉంటాయమ్మా విషాలు..." అన్నాడు.

పెద్దనాన్న స్విచ్చి తీసేశాడు. వంగి, నీళ్ళలో వేలు ముంచి, బొటనవేలితో నలిపి చూశాడు. తన బనీను అంచుకు ఆ వేలు తుడుచుకుని మరకను వెలుతురుకి పట్టాడు. ఇన్నాళ్ళూ ఆ నీళ్ళను ఆయన భక్తితో చూశాడు గాని చాకిరేవు కళ్ళతో చూడలేదు.

"తుప్పు," అన్నాడు మెల్లగా. "ఇది ఇనప తుప్పు."

మాస్టారుకి అప్పుడే ఇంకో ఇంట్లో పని గుర్తొచ్చింది. మిషన్ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. పొడి మాత్రం మాకే వదిలేశాడు, పెద్ద మనసుతో.

పెద్దనాన్న కొట్టుకు షట్టరు దించి ఆటో పిలిచాడు. డాక్టరు బీపీ చూసి, ఎవరు ఆపమన్నారని గట్టిగా కేకలేసి, వెంటనే మందిచ్చి, చాలాసేపు పడుకోబెట్టాక పంపించాడు. తిట్లన్నీ పెద్దనాన్న నిలబడి విన్నాడు. తర్వాత మందుల షాపులో అట్ట చేతికి తీసుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇది ఏ ఆకుతో చేస్తారండీ?"

షాపతను తల ఎత్తలేదు. "ఏదో ఒక ఆకేలెండి. వెనకాల జనం ఉన్నారు, జరగండి."

మర్నాడు పొద్దున్నే గ్లాసుతో నీళ్ళు, మాత్ర తీసుకుని పెద్దనాన్నే ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చాడు.

"వేసుకోవే. ఇదీ ఆకు మందేనట. షాపులో కనుక్కున్నాను."

పెద్దమ్మ మింగి, నీళ్ళు తాగింది.

"చేదుగా ఉందా?" అన్నాడు ఆశగా.

ఆవిడ కావాలనే ముఖం చిట్లించింది.

"అబ్బో, చేదంటే చేదు కాదండీ," అంది. "ఆకుదే."

పెద్దనాన్న ముఖం విప్పారింది. గ్లాసు తీసుకుని, నీళ్ళలో నానేసిన దుప్పట్లు చూడటానికి తొట్టి వైపు వెళ్ళాడు.