జీలుగ పూతకొచ్చింది

మొన్న కాట్రేనికోన వైపు ఒక పెళ్ళికి వెళ్ళి వస్తూంటే, రొయ్యల చెరువు గట్టు మీద నాలుగు జీలుగ మొక్కలు పసుప్పచ్చగా పూసి కనిపించాయి. కారు ఆపమన్నాను. నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుని మా అల్లుడుగారు మంచినీళ్ళ సీసా అందించారు. ఆ చెరువు ఒకప్పుడు పిన్నిగారి చేను అని చెప్పాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను. డైరీ అలవాటున్నవాణ్ణి గనుక, ఇంటికొచ్చాక ఇలా కాగితం మీద పెడుతున్నాను.

బంగ్లాదేశ్ యుద్ధం ముగిశాక, అందులో బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళకీ, కాళ్ళూ చేతులూ పోగొట్టుకుని తిరిగొచ్చినవాళ్ళకీ సముద్రం వైపు కొంత బంజరు ఇచ్చారు. నేనప్పుడు రైతులకి సాగు పద్ధతులు చెప్పే ఉద్యోగంలో, కొత్తగా చేరిన గ్రామసేవకుణ్ణి. మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, వేసవిలో ఆ చౌడు ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా మెరిసేది. ఎరువు బస్తాలు కొనే స్తోమత ఎవరికీ లేదు. కాలువ నీళ్ళు నిలగట్టి ఉప్పుని మురుగులోకి కడిగి, జీలుగ చల్లి, అది పూతకొచ్చే వేళకి పచ్చిరొట్ట ఎరువుగా దమ్ము బురదలో తొక్కించడం ఒక్కటే దారి. ఆలస్యమైతే కాడ ముదిరి కుళ్ళదు, ఆ ఏడు వరి లేనట్టే.

నేను పిన్నిగారూ అని పిలిచే ఆవిడ పెద్దకొడుకు ఆ యుద్ధంలో పోయాడు. మనిషి రాలేదు, ట్రంకుపెట్టె వచ్చింది. చిన్నకొడుకు కడుపు నిండాలంటే ఆ చేనే ఆధారం. నడుమెత్తు జీలుగ పూసింది, ఎద్దులు వచ్చాయి, ఆవిడ అడ్డంగా నిలబడిపోయింది. కాలు పోగొట్టుకుని వచ్చిన ఆవిడ మరిదిగారు, "ఆయ్, మా వదినగారు జీలుగ్గింజలమ్మి మేడ కడతారండీ" అని నవ్వించబోయారు.

"సరిగ్గా పూతకొచ్చినదాన్నే తొక్కించమంటారేంటండి బాబూ?" అంది ఆవిడ నాతో.

చివరికి ఆవిడే ఎద్దుల్ని వెనక్కి పంపించి, కుచ్చెళ్ళు ఎగదోపుకుని బురదలోకి దిగింది. "మావాణ్ణి ఏ మట్టిలో కలిపేరో నేను చూడలేదండి. దీన్నైనా నా కాళ్ళతో నేను కలుపుకుంటాను" అని, ఒక్కో మొక్కా వంచి అణగదొక్కసాగింది. మరిదిగారు కర్ర గట్టున పడేసి, బురదలో కూర్చుని జరుగుతూ చేతులతో నొక్కారు. తరువాత మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. పొద్దువాలేసరికి చేలో పసుపురంగన్నది లేదు. కొన్నాళ్ళు ముక్కు మూసుకునేంత కుళ్ళువాసన, ఆపైన కళ్ళు చల్లబడేంత వరి. అంతదాకా ఎవరి గడపలో వాళ్ళు ఏడ్చుకున్న ఆ కుటుంబాలు ఆ ఏటి నుంచి ఒకరి చేలోకి ఒకరు దిగుతూ, ఒక ఊరయ్యాయి.

చాలా ఏళ్ళకి చుట్టూ రొయ్యల చెరువులు లేచాయి. వాటి ఉప్పునీరు చేలోకి ఊటగా దిగి పిన్నిగారి వరి ఎర్రబారిపోయింది, చేసేదిలేక చిన్నకొడుకు ఆ చేనూ చెరువుగా తవ్వించాడు. ఆఖరిసారి చూడబోయినప్పుడు, చూపు ఆనని ఆ ముసలామె నా చెయ్యి పట్టుకుని, మళ్ళీ జీలుగ చల్లితే ఉప్పు పోదా అని అడిగింది. ఆనాటి ఉప్పు సముద్రం తెచ్చిందనీ, ఇప్పటిది మోటార్లు పెట్టి మనమే తోడుకుంటున్నామనీ చెప్పడానికి నాకు నోరు రాలేదు.

గట్టు మీది ఆ నాలుగు మొక్కలూ ఎవరూ చల్లినవి కావు. ఈపాటికి కాడ ముదిరిపోయి ఉంటుంది. కలుపుకోవడానికి పక్కన మట్టి లేదు, నీళ్ళే ఉన్నాయి.