రైలక్క పరుగు, మేనత్త చెంబు

ఆ రోజుల్లో మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచలో ఎవరైనా పరుగెత్తుతూ కనిపిస్తే జనం మొదట అడిగే మాట, "ఎవలికేమైంది?" అని. ఎవరూ తరమకుండా, అందుకోవాల్సిన బస్సూ లేకుండా, ఊరికే పరుగెత్తడమనేది మావాళ్ళకు అర్థం కాని విషయం. అలాంటి చోట మా పెద్దనాన్న కూతురు రోజూ పొద్దున్నే బడి మైదానం చుట్టూ మేకలను తప్పించుకుంటూ పరుగెత్తేది. మా ఊరికి రైలు ఎలాగూ లేదు కనుక ఆమెకే రైలక్క అని పేరు పెట్టేశారు. నేను ఆమెకు కోచ్‌ని. (ఎవరు నియమించారని మాత్రం అడగకండి.) ట్రాక్ మీద పదివేల మీటర్లంటే ఎన్ని చుట్లో, మారథాన్ రికార్డు రెండు గంటలకు ఎంత దగ్గరగా వచ్చిందో నాకు సెకన్లతో సహా నోటికి వచ్చు. పరుగు మాత్రం రాదు. ఒకసారి అక్కతోపాటు మొదలుపెట్టి, రెండో చుట్టులోనే గోల్ కర్రను కావలించుకుని నిలబడిపోయాను. ఆనాటి నుంచి నా శిక్షణంతా బాబాయి బైకు మీద నుంచే సాగింది.

ఆ ఏడాది ఆడపిల్లలకు పది కిలోమీటర్ల రోడ్డు పరుగు పెట్టారు. యాభై నిమిషాల లోపు వస్తే జిల్లా జట్టులో చోటు, ఆ జట్టుకు నాగపూర్ స్టేడియంలో ఎర్ర ట్రాక్ మీద పోటీ. "ఆ ఎర్ర ట్రాక్ మీద ఒక్కసారి ఉరకాలె తమ్మీ, ఇగ వేరే ఏం అడగ" అనేది అక్క. ఆమెకు కావలసింది నిజంగా అదొక్కటే. అయితే సగం దూరంలో వెనక్కి తిరగాల్సిన చోటు సరిగ్గా మా మేనత్త ఇంటి ముందు పడింది. ఇంటిల్లిపాదీ "ఆడపిల్లకు ఉరుకుడేంది?" అన్నప్పుడు, ఇప్పపువ్వు అమ్మిన పైసలతో అక్కకు మొదటి బూట్లు కొనిచ్చింది ఆ మేనత్తే.

పరుగు రోజు అక్క అందరికంటే ముందు, వెనకే ఏటపల్లి అమ్మాయి, పక్కన బైకు మీద గొంతు చించుకుంటూ నేను. మలుపు దగ్గర మేనత్త నీళ్ళ చెంబుతో రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. మావైపు ఇంటికి మనిషి వస్తే కాళ్ళకు నీళ్ళివ్వకుండా పంపరు.

"అత్తా, రేసు నడుస్తున్నది! టైం పోతది!" అని దూరం నుంచే అరిచింది అక్క.

"టైం ఏడికి పోతది బిడ్డా? ఇంటి ముందటికెల్లి కాళ్ళు కడుక్కోకుండ పోతవా? నలుగురు ఏమనుకుంటరు?"

అక్క ఆగింది! నేను బైకు మీద నుంచి పడినంత పనైంది. "బూట్ల మీదనే పొయ్యి అత్తా" అని అక్క నిలబడినచోటే గెంతుతుంటే, మేనత్త తీరిగ్గా, ఒక కాలు తర్వాత ఇంకో కాలు తడిపింది. ఇక ముందుకు దూసుకుపోతుందనుకున్న ఏటపల్లి అమ్మాయి ఏం చేసిందనుకున్నారు? పెద్దమనిషి చెంబు పట్టుకుని నిలబడితే కాదనడం ఆమెకూ తెలియదు. వచ్చి అక్క వెనక వరుసలో నిలబడింది, ఆమె వెనక మూడో అమ్మాయి. ప్రపంచంలో ఏ రోడ్డు పరుగులోనూ ఇలాంటి క్యూ ఉండి ఉండదు.

తడి బూట్లతో అక్క మొదటగానే వచ్చింది. కానీ యాభై నిమిషాలు దాటి కొన్ని సెకన్లయింది. ఆటల సార్ మరాఠీ ఆయన (ఆశ్చర్యమేస్తే మరాఠీ, కోపమొస్తే హిందీ, ఆకలేస్తే మాత్రం మంచి తెలుగు మాట్లాడేవాడు). కాళ్ళు కడుక్కున్న సమయం తీసేయాలని నేను ఆయనతో వకీలులా వాదించాను. సంగతి విని ఆయన కడుపుబ్బ నవ్వి, సరేననబోయాడు కూడా. అక్కే అడ్డుపడింది.

"వద్దు సార్. ఆగింది నేనే, ఆ టైం సుత నాదే."

నాగపూర్ అలా పోయింది. ఇంటికొచ్చాక అక్క గోడవైపు తిరిగి ఏడ్చింది. మేనత్తను ఒక్క మాట అనలేదు, మమ్మల్నీ అననివ్వలేదు.

మరుసటి ఏడాది అదే రోడ్డు, అదే మలుపు. "ఆ ఒక్క పూట అత్తను వేరే ఊరికి పంపిద్దాం" అన్నాను. అక్క నన్ను ఎగాదిగా చూసి, "అత్త ఆడ లేకుంటే నేను ఎవలింటికి ఉరకాలెరా?" అంది. ఆ ఏడాదంతా ఎండనక, వాననక ఆమె ఎందుకంత పరుగెత్తిందో నాకు ఆ పూటే తెలిసింది. పరుగు రోజు మలుపు దగ్గర ఆగింది. రెండు కాళ్ళూ కడిగించుకుంది. పైగా చెంబులో మిగిలిన నీళ్ళు తాగి, "పోయొస్త అత్తా" అని చెప్పి మరీ కదిలింది. అయినా యాభై నిమిషాలకు ముందే గీత దాటేసింది! అంత గొప్ప పరుగు నేను టీవీలో కూడా చూడలేదు.

గడియారం చూస్తుంటేనే నా కళ్ళు కారిపోయాయి. అక్క రొప్పుతూనే వచ్చి, "ఏందిరా, ఏడుస్తున్నవా?" అంది.

"లేదక్కా, చెమట."

"పది కిలోమీటర్లు నేను ఉరికితే, బండి మీద కూసున్నోనికి చెమటేందిరా?"

ఆ కోచ్ చొక్కా చేతితో ఆ 'చెమటే' తుడుచుకున్నాడు. ఆ పిచ్చి కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకు నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.