పోతు ఖర్జూరం

సౌదీలోని బురైదాలో నేను చూసిన ఆ మనిషి ఖర్జూరం రైతు. ఊరి బలదియా సభకు జనం ఓట్లేసి పంపిన మెంబరు కూడా. రోడ్డు కావాలని, దీపాలు లేవని అర్జీలు పట్టుకొని మనుషులు తోటకే వచ్చేవారు. ఆయన చెట్టు మీది నుంచే వినేవాడు. కాఫీ కెటిలు తాడు కట్టి పైకి పంపేవాళ్లం. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆ కాఫీ వాసనే వస్తుంది.

నితాఖత్ చట్టం వచ్చిన ఏడాది నేను పనిచేసే బిల్డింగు కంపెనీ ఎరుపులో పడింది. చాలినంతమంది సౌదీవాళ్లను పెట్టుకోని కంపెనీలకు ఆ రంగు. గడువులోగా మన వీసాకు పూచీపడే వేరే కఫీల్ పేరు మీదికి మారాలి, లేదా ఇంటికి పోవాలి. ఊళ్లో నేను తాళ్లెక్కి కల్లు గీసేవాణ్ణి. వరసకు బావ ఒకడు ఆ తోటలో గొర్రెలు కాసేవాడు. చెట్లెక్కే మనిషి ఉన్నాడని చెప్పి నన్ను పిలిపించాడు. "ఈ పూతకాలం చూస్తా. పని వస్తే నా పేరు మీదికి మార్చుకుంటా" అన్నాడు రైతు.

ఖర్జూరంలో పోతుచెట్టు వేరు, కాసే చెట్టు వేరు. పోతుపూత రెబ్బలు తెచ్చి కాసే చెట్టు పూతలో పెట్టి కట్టకపోతే కాయ నిలవదు. తోటంతటికీ పోతుచెట్లు రెండే. మూడో రోజు ఆయన సభకు పోతూ పోతుపూత కోసి ఉంచమన్నాడు. మోకు వేసుకొని ఎక్కాను. పూతపొత్తి చీల్చగానే లోపల తెల్లటి రెబ్బలు. ఇరవై ఏళ్లు కల్లు గీసిన చేయి ఆగుతుందా? వాటిని కట్టెతో నలిపి, దగ్గరికి కట్టి, కొసలు సన్నగా గీశాను. రెండో చెట్టు కూడా అయిపోయి, కల్లు పట్టే లొట్టి కోసం నడుము తడుముకున్నప్పుడు గాని తెలివి రాలేదు. పుప్పొడంతా ఇసుక పాలైంది.

బావ నెత్తి పట్టుకున్నాడు. "అరబ్బోని చెట్టుకు కల్లు గీస్తివా బావా! పాస్‌పోర్టు మీద ఖురూజ్ కొట్టి సక్కగ ఇంటికి తోల్తడు. పురుగు వట్టిందని చెప్త, నువ్వు నోర్మూస్కో."

"పురుగు కాడ కత్తి ఉంటదా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

రైతు వచ్చాక బావ అరబీలో చెప్పాడు. కల్లు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. రైతు తెగిన కొసలను చూశాడు, నన్ను చూశాడు.

"దీన్ని తాగుతారా?"

"తాగుతరు. నేనూ తాగిన. ఈడ గాదు" అన్నాను. బావ అదీ చెప్పాడు.

ఆయన మమ్మల్నిద్దరినీ పికప్ ఎక్కమన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. బండి పక్క తోట ముందు ఆగింది. ఆ తోట ముసలాయన పెట్టిన రోడ్డు అర్జీని ఈయన సభలో కాదన్నాడట. అక్కడి మాటలు బావ నాకు తరువాత విడమరిచి చెప్పాడు.

"మెంబరుకు పోతుపూత కావాల్నా? అర్జీ రాస్కొచ్చినవా?" అన్నాడు ముసలాయన గేటు తీయకుండానే.

"రాయలే. అడుగుతున్న."

"మరి నా రోడ్డు?"

"రోడ్డు రాదు. పూత ఇస్తె ఇయ్యి."

ముసలాయన కసితీరా తిట్టాడు. తిట్టి, రెండు గంపలు ఇచ్చాడు. పొద్దుగూకే దాకా రైతు కడుతుంటే చూస్తూ, చూసినట్టే నేనూ కట్టాను.

వారం తరువాత కార్మికుల కచేరీలో గుమాస్తా నన్ను చూపించి, ఇతనికి తోటపని వచ్చా అని అడిగాడు.

"సగం వచ్చు" అన్నాడు రైతు. ఆయన పేరు మీదికి నన్ను మార్చారు.

ఏడేళ్లు అక్కడే ఉన్నాను. అంత సుఖంగా మళ్లీ ఎక్కడా చెట్టెక్కలేదు. పోతుచెట్లు మాత్రం, సభ ఉన్నా మానుకొని, ప్రతి ఏడూ ఆయనే ఎక్కేవాడు. ఎక్కేముందు నా కత్తి అడిగి తీసుకొని, తన నడుముకు కట్టుకునేవాడు.