పార్కూ, తండా తొవ్వా

డెబ్బైల మొదట్లో ఒక సాయంత్రం సర్పంచ్ మా దుకాణం దగ్గరికి వచ్చాడు. పంచాయతీలో ఆడవాళ్లకని పెట్టిన సీటుకు చదవడం, రాయడం వచ్చిన మనిషి కావాలట. మాది బాన్సువాడ బజారులో చిన్న కిరాణా దుకాణం. ముందు గదిలో మా ఆయన తక్కెడ పట్టుకుని కూర్చుంటే, వెనక గదిలో నేను ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేదాన్ని. ఏడో తరగతి వరకు చదివాను. ఆ చదువే నా మెడకు చుట్టుకుంది.

“నెలకోపాలి వచ్చి కూసుంటే సాలు చెల్లె. సంతకం వెడితే అయిపాయె,” అన్నాడు సర్పంచ్. చెల్లె అన్నది నన్నే అయినా చూపు మాత్రం మా ఆయన మీద ఉంది.

మా ఆయన సరేనన్నాడు. ఆ సీటుకు పోటీ ఎవరూ రాలేదు. ఐదేళ్లకని వెళ్లినదాన్ని, తర్వాతి ఎన్నికలు ఎంతకూ రాకపోవడంతో ఆ దశాబ్దమంతా ఆ కుర్చీలోనే ఉండిపోయాను. తలుపు పక్కన వేసిన కుర్చీ అది. వచ్చేపోయేవాళ్లంతా నా మోకాళ్లను రాసుకుంటూ పోయేవాళ్లు.

మొదటి రెండేళ్లూ నేను నోరు విప్పలేదు. వీధి దీపాలు, మురికినీళ్ల మోరీలు, సంత వేలం, వీటి మీద వాదులాడుకునేవాళ్లు. నేను సంతకం పెట్టి ఇంటికొచ్చేదాన్ని. ఆ రోజు చుట్టాల్సిన బీడీలు రాత్రికి మిగిలిపోయేవి. అలాంటి ఒక మీటింగులో సర్పంచ్ పార్కు సంగతి తెచ్చాడు.

ఆయన చెడ్డవాడు కాదు. వాళ్లమ్మ జబ్బుపడితే హైదరాబాదు దవాఖానలో పెట్టి చాలా రోజులు అక్కడే ఉన్నాడు. దవాఖాన ఎదురుగా పార్కు ఉండేదట. సాయంత్రం పూట అక్కడ కూర్చుంటే గుండె మీద బండ దించినట్టు ఉండేదని చెప్పాడు. “మన ఊర్ల మనిషి రంధిల ఉంటే యాడ కూసుంటడు? హోటల్ల కూసుంటడు, లేకుంటే కల్లు దుకాణంల,” అన్నాడు. కాలువ దగ్గర ఖాళీ జాగాలో ఇనుప కంచె, సిమెంటు బెంచీలు, నడుమ ఒక ఫౌంటెన్. ఓవర్సియర్‌తో నక్ష కూడా గీయించాడు. నక్ష బల్ల మీద పరిస్తే అందరం వంగి చూశాం. నాక్కూడా బాగుందనిపించింది.

ఆ మర్నాడు తండా అక్క వచ్చినప్పుడు ఆమెకు చెప్పాను.

తండా అక్క అంటే నస్రుల్లాబాదు వైపు పొలాలు దాటితే వచ్చే తండాలో ఉండే మనిషి. నాకంటే కొంచెం పెద్దది. మొదట మా దుకాణానికి ఉప్పు, నూనె కోసం వచ్చేది. నా పక్కన కూర్చుని చూసి చూసి బీడీలు చుట్టడం నేర్చుకుంది. బీడీల కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తీసుకుపోయి, చుట్టిన బీడీలు తెచ్చి అప్పగించి, మా ఇంట్లో ఇన్ని మంచినీళ్లు తాగి పోయేది. ఇంట్లో వాళ్ల భాష, మాతో తెలుగు.

“పార్కంటే ఏంది?” అంది.

“చెట్లుంటయి, పూలుంటయి. పోయి కూసుండే జాగ.”

“కూసుండెతందుకు పైసలడుగుతరా?”

“అడగరు.”

“మంచిదే,” అంది. గంప నెత్తికెత్తుకుంటూ, “మా తొవ్వ మీద గూడ ఇన్ని రాళ్లు ఏయించరాదుండ్రి,” అని వెళ్లిపోయింది. నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆ వానాకాలంలోనే ఆమె పడింది. తండా నుంచి ఊళ్లోకి రావాలంటే వరి మళ్ల గట్ల మీదుగా రావాలి. బండ్ల బాట ఉంది కానీ అది బాగా చుట్టు. గట్టు మీద అడుగు పక్కన అడుగు పెట్టేంత చోటు లేదు. వాన పడితే సబ్బులా జారుతుంది. గంప నిండా బీడీలతో ఆమె మడిలో పడింది. బీడీలు బురదపాలయ్యాయి, కుడి మణికట్టు విరిగింది. దవాఖానకు నేనే తీసుకుపోయాను. కట్టు కట్టారు. కట్టు విప్పేసరికి ఎముక వంకరగా అతుక్కుంది. ఆకు చుట్టగలదు కానీ దారం బిగించలేదు. బిగువు లేని బీడీలను కార్ఖానాలో పక్కకు పారేస్తారు. కొన్ని రోజులు చూసి ఆమె బీడీలు మానుకుంది. పొలాల్లో కైకిలికి, అంటే కూలికి, పోవడం మొదలుపెట్టింది.

తర్వాతి మీటింగులో నేను మొదటిసారి మాట్లాడాను. పార్కు పెట్టే లెక్కలోనే తండా తొవ్వను కూడా పెట్టాలని, మనిషి జారకుండా నడిచేంత వెడల్పు చేసి గరుసు మొరం పోయించాలని చెప్పాను.

సర్పంచ్ అన్నాడు, “మంచి మాటనే చెల్లె. గని జాగ యాడుంది? గా ఒడ్డు ఎవరిదో నీకు ఎరుకనేనా?”

ఎరుకే. అది మా బావది. మా ఆయన అన్న.

అప్పటి నుంచి నా తిరుగుడు మొదలైంది. బావ తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడే మనిషి కాదు. నేను దర్వాజ దగ్గర నిలబడి చెప్పేదాన్ని. ఆయన అరుగు మీద కూర్చుని వాళ్లావిడకు, అంటే నా యారాలికి, జవాబు చెప్పేవాడు.

“నీ చెల్లెకు జెప్పు. ఇయ్యాల తండోళ్లకు తొవ్వ ఇస్తే రేపు బండ్లకు ఇయ్యమంటరు. ఇగ నా మడి యాడుంటది?”

“బండ్లకు గాదు బావా. మనుషులు నడిచెటంత సాలు.”

“ఇప్పుడు నడుస్తలేరా?”

“పడుకుంట లేసుకుంట నడుస్తున్నరు.”

ఆయన కండువా దులిపి లేచాడు. “మెంబరీ వచ్చింది, దాంతోటి మాటలు గూడ వచ్చినయి,” అని వాళ్లావిడతోనే అని లోపలికి పోయాడు. యారాలు నా చేతిలో చాయ్ గ్లాసు పెట్టి, “ఎందుకే నీకు గీ ఫికర్?” అంది మెల్లగా. చాయ్ తాగి వచ్చేశాను.

ఇంటికొస్తే మా ఆయన. “ఇగ ఇడిసిపెట్టు. అన్నదమ్ముల నడుమ లొల్లి వెట్టకు.” విడిచిపెట్టినట్టే ఉండేదాన్ని. వానలు పడేవి. బజారులో తండా ఆడవాళ్లు మోకాళ్ల దాకా బురదతో కనపడేవాళ్లు. మళ్లీ వెళ్లేదాన్ని.

ఈలోపు పార్కు పని నడుస్తూనే ఉంది. పంచాయతీ పెట్టేది కొంత, జిల్లా పెద్దాఫీసు ఇచ్చేది కొంత, తక్కింది ఊరివాళ్లు వేసుకోవాలి. బియ్యం మిల్లుల వాళ్లు బెంచీలు ఇస్తామన్నారు, వాటి మీద తమ తండ్రుల పేర్లు రాయించాలన్నారు. ఎవరి బెంచీ గేటుకు దగ్గరగా ఉండాలన్న దాని మీద రెండు మీటింగులు గడిచాయి. తొవ్వ మీద ఎవరూ పేరు రాయించుకోలేరు కదా, దానికి ఎవరూ ముందుకు రాలేదు.

తొవ్వ కోసం నేను సర్పంచ్‌తో కలిసి పెద్దాఫీసుకు కూడా పోయాను. అధికారి నెమ్మదస్తుడు. మా మాట అంతా విన్నాడు.

“అమ్మా, పార్కు నిధులు పార్కుకే వాడాలి. రోడ్డు కింద రాయాలంటే బండి పట్టే వెడల్పు ఉండాలి. మీరడిగేది పార్కూ కాదు, రోడ్డూ కాదు. ఏ పద్దు కింద రాయమంటారు?”

“నడిచే తొవ్వ అని రాయుండ్రి సార్.”

ఆయన నవ్వాడు. ఎగతాళిగా కాదు, పాపం అనుకున్నట్టుగా. కొన్నాళ్లకు ఆయనకు బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పాం. ఆయన తర్వాత ఇంకొకాయన వచ్చాడు. మూడో మనిషికి చెప్పేటప్పుడు నా మాటలు నాకే వేరేవాళ్లవి అయినట్టు వినిపించాయి. బయట వరండాలో కూర్చుని కూర్చుని నా నడుము పట్టేసింది. బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు, నాకెందుకు ఇదంతా అని చాలాసార్లు అనుకున్నాను.

పార్కు తయారైంది. తెరిచిన రోజు ఫౌంటెన్‌లో నీళ్లు మనిషెత్తు లేచాయి. పిల్లలు కేకలు వేశారు. సర్పంచ్ కళ్లు తడయ్యాయి. వాళ్లమ్మ అప్పటికే పోయింది. బెంచీ మీద ఒక్కడే కూర్చుని చాలాసేపు అలా చూస్తుండిపోయాడు. ఆయనను చూస్తే నాకు కోపం రాలేదు. తర్వాత కొద్ది రోజులకే మోటరు కాలింది. దాన్ని బాగు చేయించడానికి ఏ లెక్కలోనూ చోటు పెట్టలేదు. మేకలు దూరుతున్నాయని గేటుకు తాళం వేశారు. తాళంచెవి పంచాయతీ జవాను దగ్గర ఉండేది. ఆయన సెలవు పెడితే పార్కుకూ సెలవే.

డెబ్బైల చివరలో కూలీకి బదులు గోధుమలిచ్చి పని చేయించే పథకం వచ్చింది. అప్పటి అధికారి చిన్న వయసువాడు. నేను నోరు తెరవకముందే, “జాగ ఇస్తున్నట్టు రైతుతో రాయించుకురండి, తొవ్వ చేయిద్దాం,” అన్నాడు. అన్నేళ్లు తిరిగిన నాకు, ఆయన అంత తొందరగా సరేననడం నమ్మబుద్ధి కాలేదు. బావను మళ్లీ అడగడానికి కాళ్లు రాలేదు. వారం రోజులు ఊరికే ఉన్నాను.

అది నాట్ల కాలం. బావ మళ్లలో నాటు వేసేది ఎప్పుడూ తండా ఆడవాళ్లే. గట్టు తెగుతోందని, దాని మీద ఎవరూ నడవొద్దని ఆయన ఆ యేడు ముళ్లకంప వేయించాడు. నారు పీకి పెట్టాడు. నాటేరోజు ఒక్కరూ రాలేదు. మనిషిని పంపాడు, రాలేదు. చివరికి తానే బండ్ల బాటన చుట్టూ తిరిగి తండాకు పోయాడు. అక్కడ జరిగింది తండా అక్క తర్వాత నాకు చెప్పింది.

“ఎందుకు వస్తలేరని అడిగిండు. నేనన్న, నీ ఒడ్డు మీద కాలు వెట్టద్దంటివి గద పటేలా, మరి ఎట్ల రావాలె? ఎగిరొస్తమా? ఇగ గట్లనే నిలవడ్డడు, నిలవడ్డడు, పోయిండు.”

“నేను జెప్పిచ్చిన అనుకుంటడక్కా.”

“అనుకోనీ. నువ్వు జెప్పకుంటె మాకు తెల్వదా?” అంది, కొంచెం కోపంగానే.

నారు వాడిపోతోంది. మర్నాడు బావ మా దుకాణానికి వచ్చాడు. తమ్ముడి ముఖం చూడకుండా, తక్కెడ వైపు చూస్తూ అన్నాడు, “నెత్తి మీద మూటతోటి ఒక మనిషి, ఎదురుంగ ఇంకో మనిషి. గంత జాగ ఇస్తున్న. కాయిదం మీద రాసుకోండ్రి. ఇగ నీ ఇంటికి నేను రాను.”

“అన్నా, గట్లనకు,” అని మా ఆయన బయటికి దిగాడు. అప్పటికే బావ మలుపు తిరిగాడు. మా ఆయన లోపలికి వచ్చి తక్కెడ తుడవడం మొదలుపెట్టాడు. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది. ఆ యేడు బతుకమ్మకు యారాలు మా వాకిట్లోకి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

నాట్లు అయ్యాయి. కోతలు అయ్యాక, ఎండాకాలంలో తొవ్వ పని మొదలైంది. తండా ఆడవాళ్లు, మగవాళ్లు మట్టి మోశారు. పిల్లకాలువ అడ్డం వచ్చిన చోట సిమెంటు పైపులు వేశారు. తండా అక్క తట్ట మోయలేదు, ఎడమ చేత్తో మొరం సర్దేది. సాయంత్రం గోధుమలు కొంగులో పోసుకుని పోయేవాళ్లు. మా వైపు ఎవరూ రొట్టెలు అంతగా తినరు. సగం గోధుమలు మా దుకాణానికే వచ్చి బియ్యమయ్యేవి. తొవ్వ పక్కన కానుగ మొక్కలు కూడా పెట్టించాను. మడికి నీడ పడుతుందని బావ తన వైపువి పీకేయించాడు. నేను అడగలేదు. అడిగే ఓపిక అయిపోయింది.

తండా వైపు నుంచి మొదలుపెట్టి, ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా గోధుమలు రావడం ఆగిపోయింది. పని అక్కడే నిలిచింది. ఊరి వైపు చివరి ముక్క ఎప్పటిలా బురదే. బియ్యం మిల్లు బూడిద బండ్లతో పోయించాం. వాన పడితే అది నల్లటి బంకలా కాళ్లకు పట్టుకునేది. తండావాళ్లు మంచి తొవ్వ మీద వచ్చి, చివర చెప్పులు చేతిలో పట్టుకుని ఊళ్లోకి దిగేవాళ్లు. మిగిలింది చేయించమని ప్రతి మీటింగులో అడిగాను. సర్పంచ్ తల ఊపేవాడు. ఆయన కూడా అలసిపోయాడు. పార్కు కంచె తుప్పు పట్టింది, దాని గురించి ఎవరో ఒకరు ఆయనను రోజూ అంటూనే ఉన్నారు.

ఎనభైల మొదట్లో ఎన్నికలు వచ్చాయి. నన్ను మళ్లీ నిలబడమన్నారు. వద్దన్నాను. నా చోట్లోకి ఒక చిన్న పిల్ల వచ్చింది, పెళ్లయి కొత్తగా మా ఊరికి వచ్చిన పిల్ల. ఒకరోజు మా ఇంటికి వచ్చి, “అక్కా, తండా తొవ్వ సంగతేంది? ఎందుకు ఆగింది?” అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఎక్కడ ఉన్నానో మరిచిపోయి ఆగిపోయాను. ఆ పిల్ల ఓపిగ్గా కూర్చుంది. “అయితే మొరం గావాలె, అంతేనా?” అంది చివరికి. “అంతే,” అన్నాను.

కొన్నాళ్లకు ఆ ముక్క కూడా పూర్తయిందని విన్నాను. ఏ పద్దు కింద రాయించారో నేను అడగలేదు. తెరిచే రోజు నన్ను రమ్మని జవానును పంపారు. కార్ఖానాకు బీడీలు ఇచ్చే రోజని చెప్పి పంపేశాను. నిజానికి ఆ రోజు కార్ఖానా లేదు. ఊరికే పడుకున్నాను.

తర్వాత తండా అక్క మనవరాలికి పేరు పెడుతున్నారంటే వెళ్లాను. ఎండ పూట. తొవ్వ బాగానే ఉంది. అంచుల్లో గడ్డి మొలిచింది. మొరం అక్కడక్కడా కొట్టుకుపోయి గుంటలు పడ్డాయి. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్లు గంపలతో మాట్లాడుకుంటూ వచ్చి, నన్ను దాటి పోయారు. నేనెవరో వాళ్లకు తెలియదు. మోకాళ్లు నొప్పి పెడితే పైపుల మీద కాసేపు కూర్చున్నాను. కింద నీళ్లు పారుతున్నాయి. మళ్లీ లేచి నడిచాను.