ముందు ఇంటి కుండకు

ఇంటి ఖర్చుల్లో నా మాట ఎవరూ వినలేదని ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఆ చెప్పడం కూడా ఎవరూ వినలేదు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. పాకాల దగ్గర మా చేనిగట్టున చింతచెట్లుండేవి. ఇంటి పెత్తనం మా అన్న చేతిలో ఉండేది. ఎండాకాలంలో కాయంతా దులిపించి షావుకారికి అమ్మేసేవాడు. వానాకాలంలో ఆ షావుకారి అంగట్లోనే మా చింతపండును రెట్టింపు ధరకు కొనుక్కునేవాళ్లం. ఏడాదికి సరిపడా ఉంచుకుని, మిగిలింది అమ్ముదామన్నాను.

"ఆడోళ్ల లెక్కలు నీకెందుకప్పా? పోయి ఎద్దులకు నీళ్లు పెట్టు," అన్నాడు అన్న, కూలివాళ్ల ముందే. వాళ్లు నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

ఆ ఏడు పండక్కి నాకు కొత్త పంచె వద్దని, దాని బదులు చింతపండు అడిగి తీసుకున్నాను. గింజలు తీసి, ఉప్పు కలిపి, రెండు కుండల్లో దట్టించి అటక మీద పెట్టాను.

వానలు పట్టాక షావుకారి దగ్గర సరుకు లేకుండా పోయింది. వదిన నా దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, చారుకు పులుపు లేదు. రొంత చింతపండు ఇస్తావా?"

"మీ ఆయన్నే వచ్చి అడగమను వదినా."

అన్న వచ్చాడు. నా మొహం చూడకుండా, "కుండ యాడుండాది?" అన్నాడు. దించి ఇచ్చాను. ఆ పూట అన్న చారు రెండోసారి పోయించుకున్నాడు. నేను మూడోసారి కూడా పోయించుకున్నాను.

మరుసటి ఏడు షావుకారు వస్తే అన్నే చెప్పాడు: "ముందు ఇంటి కుండకు. మిగిలిందే నీకు."

ఆ తర్వాత మా ఇంట్లో చింతపండు కొన్నది లేదు. ఊరంతా అన్న ముందుచూపును మెచ్చుకుంది. గెలిచింది మాత్రం నా మాట.

అన్నా, నేను రాసిన ఈ మాటలు నీకు చదివి వినిపించేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. ఈ పొద్దైనా జవాబు చెప్పు. ఆ మాట ఎవరిది?