గునుగు పూసే కాలంలో జ్వరం

పాలపిట్టను చూసి కూడా అవ్వ నన్ను పిలవలేదు. ఏదో తేడా ఉందని ఆ రోజే అర్థం కావాల్సింది నాకు.

నేను నిర్మల్ దగ్గర సర్కారు బడిలో సైన్స్ చెబుతాను. వానలు తగ్గి బతుకమ్మ దగ్గరపడే రోజుల్లో గునుగు ఎప్పుడు పూసింది, సీతాఫలం ఎప్పుడు కన్ను విప్పింది, తొలి మంచు ఏ పొద్దున పడింది, అన్నీ ఏటేటా ఒక నోటుబుక్కులో రాస్తాను. రాసేది నేనే అయినా చూసేది మా అవ్వ. అక్షరం రాకపోయినా గుట్ట కింది పొదలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. "బడిల పిల్లలకు నువ్వు జెప్తవ్, నీకు నేను జెప్పాలె" అని ఎక్కిరించేది. అందుకే ప్రతి వరుస చివరా "అవ్వ చెప్పింది" అని రాసేదాన్ని.

ఆ ఉదయం కరెంటు తీగ మీద పాలపిట్ట వాలింది. అవ్వ తల పట్టుకుని బండ మీద కూర్చుంది.

"తలకాయ పలుగుతుంది బిడ్డా. చలి వెడుతుంది."

సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. మెడికల్ షాపు మాత్రలతో నాలుగు రోజులు నెట్టుకొచ్చాం. కళ్లు పచ్చబడ్డాయి. నేను బడికి వెళ్లిన పూట, పక్కింటి చంద్రక్క కామెర్లేమోనని భయపడి, అవ్వను వాత పెట్టే ముసలాయన దగ్గరికి తీసుకుపోయింది. మా వైపు ఈ అలవాటు ఇంకా పోలేదు. సైన్స్ టీచరు ఇంట్లోనే పోలేదు.

మరునాడు ఆసుపత్రిలో చేర్చాను. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ అన్నీ నెగెటివ్. ప్లేట్‌లెట్స్ పడిపోతున్నాయి. డాక్టరు అవ్వ కడుపు చూశారు. బొడ్డు పక్కన ఒక నల్లమచ్చ, చీర కుచ్చిళ్ల కింద ఇంకొకటి.

"ఇవి వాతలా మేడం?"

"అవును సార్." సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అవ్వ మూలుగుతూ ఒక వేలు పైకెత్తింది. "ఒక్కటే వెట్టిండు బిడ్డా. ఒక్కటే."

"జ్వరంల ఏదో అంటుంది సార్" అన్నాను.

మూడో రోజు ఆయాసం మొదలైంది. లంగ్స్ దెబ్బతిన్నాయన్నారు, వెంటిలేటర్ పెట్టారు. ఇంకో రెండు రోజులకు అవ్వ పోయింది.

దినాలు కాకముందే నేనూ మంచం పట్టాను. తమ్ముడు కరీంనగర్ తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ ముందుగా అడిగిన మాట ఇది: "గీ మధ్య పొదలల్ల, గడ్డిల ఏమన్న తిరిగిన్రా?"

అవ్వతో గుట్ట కింది పొదల్లో తిరిగానన్నాను. ఆమె నా ఒళ్లంతా వెతికింది. మోకాలి వెనక, నేనెప్పుడూ చూడని చోట, బీడీతో కాల్చినట్టు నల్లటి చెక్కు. నొప్పి లేదు, దురద లేదు.

"దీన్ని ఎస్కార్ అంటరు. స్క్రబ్ టైఫస్ ఇది. పొదలల్ల ఉండే సన్న పురుగు కుడితే వస్తది, కుట్టిన కాడ ఇట్ల నల్లగ చెక్కు గడ్తది. డాక్సీసైక్లిన్ ఇప్పుడే మొదలువెడుదం."

రెండు రోజుల్లో జ్వరం దిగింది. చెవుల్లో హోరు, కాళ్లలో నిస్సత్తువ నెల దాటినా వదల్లేదు. డిశ్చార్జి రోజున అడిగాను, ఈ మందు ముందే పడితే మా అవ్వ బతికేదా అని.

"గట్టిగ చెప్పలేను మేడం. తొందరగ పడితే మాత్రం బతికేటోళ్లే ఎక్కువ."

ఇంటికి రాగానే చంద్రక్కను పిలిచి ఎన్ని వాతలు పెట్టాడని అడిగాను.

"ఒక్కటే, బొడ్డు పక్కకు. ఎందుకు అడుగుతున్నవ్?"

అంటే చీర కుచ్చిళ్ల కింది మచ్చ వాత కాదు. పూలు, పిట్టలు లెక్కపెట్టే దాన్ని, రెండు మచ్చలు లెక్కపెట్టలేకపోయాను. "ఆమె కాలం తీరింది, ఫికర్ జెయ్యకు" అంటారు అందరూ. నా మీద నాకు కోపం తీరలేదు, తీరదు కూడా.

ఈ ఏడూ గుట్టకు వెళ్తున్నాను. నిండు బట్టలు, సాక్సులు, బూట్లు వేసుకుంటాను. రాగానే స్నానం చేసి ఒళ్లంతా చూసుకుంటాను. ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. వానలు తగ్గాక జ్వరం వస్తే, పొదల్లో తిరిగిన సంగతి డాక్టరు అడగకముందే మీరే చెప్పండి. ఒంటి మీది ప్రతి నల్లమచ్చా చూపించండి. వాత పెట్టించి ఉంటే సిగ్గుపడకండి, అది ఎక్కడ పెట్టారో, ఎన్ని పెట్టారో రోగినే అడిగి చెప్పండి.

ఆ ఏటి పేజీలో పాలపిట్ట కింద ఒక వరుస ఉంది. కరీంనగర్ నుంచి వచ్చాక రాశాను: "వాత ఒక్కటే. అవ్వ చెప్పింది."